ఉత్తరపు హాలుకి లేత రంగు: అమలాపురంలో ఒక రంగుల కొట్టు

మా హాలు, దాన్ని ఆనుకుని ఉన్న భోజనాల గది, రెండింటి మధ్య నడవ, అన్నిటికీ కలిపి ఒకటే లేత రంగు వేయించాం. ఆ రంగు తేల్చుకోవడానికి అమలాపురంలో ఒక కొట్టు నాకు చాలా సాయపడింది. ఆ కొట్టు ఎలాంటిది, అక్కడ కలిపించిన రంగు గోడ మీద ఎలా నిలబడింది అన్నది రాస్తున్నాను. కొట్టు పేరు పెట్టడం లేదు. వాళ్ళ వల్ల జరిగిన ఇబ్బంది కూడా చెప్పాలి, పేరు పెడితే అది మొహమాటం లేకుండా రాయడం కష్టం. రంగు వేసింది నిరుడు వేసవిలో. ఆ తర్వాత వానలు చూశాను, చలికాలం చూశాను, సంక్రాంతికి ఇంటి నిండా చుట్టాలు వచ్చి వెళ్ళారు. ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను, రంగు బావుంది. మళ్ళీ వేయించాల్సి వచ్చినా అదే కోడ్, అంటే అదే రంగు నంబరు, తీసుకుంటాను.

నేను అమలాపురంలోనే మ్యాచింగ్ సెంటర్ నడుపుతాను. చీర తెచ్చి దానికి సరిపడే జాకెట్ ముక్క, ఫాల్, లైనింగ్ అడుగుతారు. గంధం రంగు అనే ఒక్క పేరు మీదే నా దగ్గర బోలెడన్ని తాన్లు ఉన్నాయి. ఒకటి పసుపు కొడుతుంది, ఒకటి గులాబీ కొడుతుంది, ఇంకొకటి మట్టి కొడుతుంది. విడివిడిగా చూస్తే అన్నీ గంధమే, పక్కపక్కన పరిస్తే గానీ తేడా తెలియదు. కొట్లో ట్యూబులైటు కింద అచ్చంగా కలిసిపోయిన ముక్క, మెట్లు దిగి ఎండలోకి వెళ్ళగానే వేరుగా కనిపిస్తుంది. దీన్ని మెటామెరిజం అంటారు. ఈ మాట తెలియకపోయినా మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. చీర, ముక్క రెండూ పట్టుకుని వాళ్ళే బయటికి వెళ్ళి చూసుకుంటారు. మీటరు గుడ్డకి ఇంత జాగ్రత్త పడేవాళ్ళం, ఏళ్ళ తరబడి కళ్ళెదురుగా ఉండే గోడకి మాత్రం కొట్లో కూర్చుని, రెండు వేళ్ళ వెడల్పు చీటీ మీద వేలు పెట్టి చూపించి వచ్చేస్తాం. అది నాకు ఎప్పుడూ నచ్చలేదు.

మా ఇల్లు అంబాజీపేట వైపు, కాలవ గట్టు రోడ్డుకి కాస్త దిగువన ఉంటుంది. ఉత్తర ముఖం. ముందు లోతైన వరండా, వరండా ఎదురుగా కొబ్బరి చెట్లు, వాటి నీడన అరటి, కోకో. హాలులో నేల పాతకాలపు మొజాయిక్, బూడిద రంగులో నల్ల, తెల్ల రాళ్ళ ముక్కలు. తలుపులు, కిటికీలు టేకు, వార్నిష్ వేసినవి. హాలు మధ్యలో మా అత్తయ్య గారి ఉయ్యాల బల్ల. గోడలకి అప్పటిదాకా లేత నీలం ఉండేది.

మా ఆయనకి గ్రే కావాలి. హైదరాబాద్‌లో మరిది ఫ్లాట్‌లో చూసి వచ్చినప్పటినుంచి అదే మాట. అత్తయ్య గారికి తెలుపు కావాలి. తెలుపంటే ఆవిడ లెక్కలో నీలిమందు కలిపి కొట్టిన సున్నం. పండగ ముందు గోడలకి వెల్ల వేయిస్తే ఇల్లంతా తేటపడేదని చెబుతారు. ఇద్దరి మాటా కాదనే ఉద్దేశం నాకు లేదు. ఎవరు కూర్చున్నా కంటికి అడ్డు రాకుండా, టేకుకీ మొజాయిక్‌కీ గొడవ పెట్టకుండా ఉండే రంగు కావాలి, అంతే.

ఇదివరకు రంగుల కోసం వేరే కొట్లకి వెళ్ళినప్పుడు, మాట పూర్తికాకముందే షేడ్ కార్డు చేతిలో పెట్టి "ఇది బాగా వెళ్తుందండీ" అనేవాళ్ళు. ఈ కొట్టు పెద్దాయన అలా చెయ్యలేదు. నేను ఆయన్ని బాబాయ్ గారూ అనే పిలుస్తాను.

"హాలు ఏ ముఖం అమ్మా?" అని మొదలుపెట్టారు.

"ఉత్తరం అండి."

"గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఏం కనిపిస్తుంది?"

"కొబ్బరి చెట్లేనండి, ఇంకేం లేవు."

"నేల?"

మొజాయిక్ అన్నాను. ఫోన్‌లో ఫొటో చూపించబోతే వద్దన్నారు. "ఫొటోలో రంగు చూసి నేను చెప్పలేనమ్మా. చిన్న డబ్బాలు కలిపిస్తాను, ఇంటికి పట్టుకెళ్ళి చూసుకో. గోడ మీద మాత్రం పూయకు. అట్టల మీద వెయ్యి."

ఈ చిన్న డబ్బాలే ఆ కొట్టులో అన్నిటికంటే విలువైన సంగతి. పావు లీటరు కన్నా తక్కువ పట్టే డబ్బాలో, మనం అడిగిన కోడ్ మిషన్ మీద కలిపి ఇస్తారు. తెల్ల బేస్‌లోకి మిషన్ కొద్ది చుక్కలు వదులుతుంది. లేత రంగులకి ఎక్కువగా పడేది పసుపు ఆక్సైడ్, ఎరుపు ఆక్సైడ్, నలుపు. గంధం, బిస్కెట్, ఐవరీ, గ్రే అని మనం పిలిచేవన్నీ ఈ చుక్కలు అటూ ఇటూ అయితే వచ్చేవే. ఏ రంగు ఎంత పడిందో తెరమీద కనిపిస్తుంది, అడిగితే చూపించారు కూడా. తెలుపులో నలుపు చుక్కకి తోడు పసుపు పడితే, ఆ గ్రే కాస్త ఆకుపచ్చ కొట్టడం నేను కళ్ళారా చూశాను. నలుపూ పసుపూ కలిస్తే వచ్చేది ఆ చాయే. మనం చీటీ మీద గ్రే అని చదివి సరిపెట్టుకుంటాం గానీ గోడ మీద బయటపడేది ఈ లోపలి చాయ. అది పట్టుకోవడానికి బాబాయ్ గారు చెప్పిన పద్ధతి, మా తాన్ల దగ్గర నేను చేసేదీ ఒకటే. రంగుని తెల్ల కాగితం పక్కన పెట్టి చూడాలి, తర్వాత దానికి దగ్గరి రంగు పక్కన పెట్టి చూడాలి. ఒంటరిగా చూడకూడదు.

పెద్ద దళసరి అట్టలు తెచ్చి, ఒక్కోదానికి రెండు కోటింగులు వేసి, చుట్టూ జానెడు తెలుపు వదిలేశాను. తెలుపు ఎందుకంటే వెనక ఉన్న పాత నీలం గోడ కంటిని తప్పుదారి పట్టిస్తుంది. నీలం పక్కన పెట్టిన ఏ గంధమైనా ఉన్నదానికంటే పసుపుగా కనిపిస్తుంది. తడి మీద నిర్ణయం తీసుకోకూడదు. ఎమల్షన్ ఆరాక కాస్త ముదురుతుంది. అట్టల్ని టేబుల్ మీద పడుకోబెట్టకుండా గోడకి నిలబెట్టాను. పడుకోబెడితే కప్పు వెలుతురు నేరుగా పడుతుంది, గోడ మీద అలా పడదు.

ఇక చూడండి. మా ఆయన అడిగిన గ్రే కొట్టు దగ్గర ఎండలో ఎంతో నాజూకుగా ఉంది. మా హాలులో పెట్టేసరికి పాచి పట్టినట్టు అయిపోయింది. కారణం ఎదురుగానే ఉంది. ఆకులు వెలుతురులో ఎరుపునీ నీలాన్నీ మింగేసి ఆకుపచ్చని తిప్పికొడతాయి. కొబ్బరి, అరటి, కోకో దాటి వరండాలోంచి లోపలికి వచ్చే వెలుతురంతా అదే. పైగా ఆ గ్రేలో ముందే పచ్చచాయ ఉంది. రెండూ కలిశాయి. అదే అట్టని భోజనాల గదిలోకి తీసుకెళ్ళి తూర్పు కిటికీ పక్కన పెడితే పొద్దున పూట చక్కగా ఉంది. హైదరాబాద్ ఫ్లాట్ కిటికీల ముందు చెట్లు లేవు, ఆకాశం, ఎదుటి అపార్ట్‌మెంట్ గోడ ఉన్నాయి. అక్కడ ఆ గ్రే బావుందంటే నిజంగానే బావుంది. కోనసీమలో తోట మధ్య ఇంటికి అది పనికిరాదు. మా ఆయన అట్టని గదులన్నీ తిప్పి చూసి, ఇంకేం మాట్లాడకుండా పక్కన పెట్టేశారు.

అత్తయ్య గారి కోసం కలిపించిన ఐవరీది ఇంకో ఇబ్బంది. అందులో పసుపు ఎక్కువ. పగలు ఫరవాలేదు, వరండా పచ్చ వెలుతురుకి కాస్త నిమ్మకాయ చాయ వచ్చిందంతే. సాయంత్రం పసుపు బల్బు వేసేసరికి వార్నిష్ తలుపులూ గోడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. టేకు అందమంతా పోయింది.

నిలిచింది మూడోది. గంధమే, కానీ పసుపు తగ్గి, ఎరుపు ఆక్సైడ్ పిసరు ఎక్కువ పడినది. చీటీ మీద చూస్తే గులాబీ కొడుతోందని నేనే పక్కన పెట్టేసేదాన్ని. బాబాయ్ గారు, "అమ్మా, పచ్చ వెలుతురుని తగ్గించేది ఎరుపే. ఇది మీ హాలులో గులాబీగా కనిపించదు, పట్టుకెళ్ళు" అని బలవంతాన ఇచ్చారు. ఆ మాట అక్షరాలా నిజమైంది. తోట పచ్చదనం, రంగులోని ఎరుపు ఒకదాన్నొకటి చల్లార్చుకుని గోడ మీద మిగిలింది మెత్తటి గంధం. మొజాయిక్‌లోని బూడిద రంగు పక్కన కూడా ఎబ్బెట్టుగా లేదు. నేల విషయం చాలామంది మర్చిపోతారు. గోడ మళ్ళీ మార్చుకోవచ్చు, నేల మార్చలేం. అట్ట అడుగు అంచు నేలకి తగిలేలా పెట్టి చూస్తే గానీ ఆ రెండూ కలుస్తాయో లేదో తేలదు.

ఒక రోజు చూసి తేల్చుకోవద్దు. మన దగ్గర ఎండాకాలంలో, మే మొదటి వారం దాటాక, మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి కూడా జరుగుతాడు. ఆ రోజుల్లో ఉత్తర ముఖం ఇళ్ళకీ పొద్దున్నే, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. మార్గశిర, పుష్యాల్లో దక్షిణానికి వెళ్ళిపోతాడు, అప్పుడు ఉత్తరపు హాలుకి నేరుగా ఎండే ఉండదు, చల్లటి వెలుతురు మాత్రమే. అందుకని బాబాయ్ గారు మరీ ముదురు వద్దన్నారు. రంగు ఎంత వెలుతుర్ని తిప్పికొడుతుందో చెప్పే అంకె ఒకటి ఉంటుంది, ఎల్ఆర్‌వీ అంటారు. సున్నా నలుపు, 100 తెలుపు. కొన్ని కంపెనీల షేడ్ పుస్తకాల్లో రంగు పక్కనే వేస్తారు. మేము తీసుకున్నది 70 దాటింది. లోతైన వరండా ఉన్న హాలుకి అంతకంటే దిగితే పగలే లైటు వేసుకోవాల్సి వస్తుంది. ఆషాఢంలో రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు కూడా మా హాలులో పేపరు చదువుకోవడానికి స్విచ్ మీద చెయ్యి వెయ్యలేదు.

రాత్రి సంగతి విడిగా చెప్పాలి. మన ఇళ్ళల్లో ఎక్కువగా ఉండేవి 6500 కెల్విన్ అని రాసి ఉండే తెల్ల ట్యూబులు. వాటి వెలుతురు నీలం వైపు ఉంటుంది. దాని కింద ఏ గంధమైనా వెలిసిపోతుంది. 3000 కెల్విన్ బల్బు వేస్తే పసుపెక్కుతుంది. మేము హాలుకి 4000 ది పెట్టుకున్నాం. రంగు పగలు ఉన్నట్టే రాత్రీ ఉంది. అంకె డబ్బా మీద రాసి ఉంటుంది, చూసి కొనుక్కోండి. రంగుకి వేలు పోసి లైట్ల దగ్గర ఏదో ఒకటిలే అనుకుంటే ఆ వేలు వృథా.

గోడ చెమ్మ గురించి కొట్టు వాళ్ళు ఇచ్చిన సలహా డెల్టాలో ఉండేవాళ్ళందరికీ పనికొస్తుంది. కాలవ పక్కన ఇల్లు కదా, మా గోడలకి మోకాలి ఎత్తు దాకా చెమ్మ ఎక్కి ఉప్పు వచ్చేది, రంగు పొరలు పొరలుగా ఊడేది. "కాలవలు కట్టేశాక వేయించు, ఈలోపు గీకించి వదిలెయ్యి" అన్నారు. ఏప్రిల్ మధ్యలో కాలవలకి నీళ్ళు ఆపేస్తారు, జూన్‌లో మళ్ళీ వదిలేదాకా భూమిలో తడి దిగుతుంది, గోడ ఆరేది అప్పుడే. గీకిన చోట పాలిథిన్ కాగితం అంచులు గట్టిగా అంటించి, మర్నాడు చూడమన్నారు. కాగితం లోపల తేమ పడితే లప్పం పెట్టకూడదు. మాకు మొదట తేమ పడింది, ఆగాం, పడటం మానేశాకే మొదలుపెట్టాం. వెనక గదిలో ఒక గోడకి ఇంకా పాత సున్నం పొర ఉంది. దాని మీద ఎమల్షన్ పట్టదు, పొడితో పాటే లేచిపోతుంది. పెయింటర్ అది మొత్తం గీకి, కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ కొట్టాకే రంగు ముట్టుకున్నాడు. కొట్టు వాళ్ళు పంపిన మనిషే, పని శుభ్రంగా చేశాడు. వీధి వైపు గోడకి అడుగున ఒకచోట మాత్రం వానలయ్యాక మళ్ళీ కొంచెం ఉప్పు కనిపించింది. భూమిలోంచి ఎక్కే చెమ్మని పైపూత ఏదీ పూర్తిగా ఆపలేదని ముందే చెప్పారు కాబట్టి దీన్ని వాళ్ళ తప్పుగా రాయను.

తప్పుగా రాయాల్సింది వేరే ఉంది. మొత్తం రంగు ఒకేసారి కలపమని అడిగాను. బేస్ డబ్బాలు సరిపడా లేవని, సగం అప్పుడు ఇచ్చి సగం తర్వాత ఇచ్చారు. ఇచ్చింది పెద్దాయన లేనప్పుడు, కౌంటర్ దగ్గర ఉన్న కుర్రాడు. రెండో విడత ఆటోలో వచ్చింది, అది కూడా చెప్పిన పూట రాలేదు, పెయింటర్లు సగం రోజు ఖాళీగా కూర్చున్నారు. డబ్బా మూత మీద అంటించిన చీటీలో కోడ్ అదే. పెయింటర్ నడవలో మొదటి రోలర్ తిప్పాడు. ఆరేసరికి నాకు తేడా తెలిసింది, పసుపు ఒక పిసరు ఎక్కువైంది.

"తడి మీద అలా ఉంటదక్కా, ఆరితే కలిసిపోద్ది" అన్నాడు పెయింటర్.

ఆరిపోయిందని చెయ్యి పెట్టి చూపించాను. రెండు డబ్బాల మూతల మీదా చెరో బొట్టు పెట్టి, ఆరబెట్టి, వరండా మెట్ల మీద పక్కపక్కన పెట్టాను. అప్పుడు అతనికీ కనిపించింది. ఆ మూతలు రెండూ సంచిలో వేసుకుని కొట్టుకి వెళ్ళాను. కుర్రాడు కోడ్ చూపించి వాదించాడు. పెద్దాయన మూతలు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళి చూసి, మారు మాట్లాడకుండా రెండో విడత మొత్తం వెనక్కి తీసుకుని మళ్ళీ కలిపించారు. బేస్ వేరే బ్యాచ్‌ది అవడం వల్ల వచ్చి ఉంటుందన్నారు. కలిపిన రంగు వెనక్కి తీసుకోవడం ఏ కొట్టులోనూ మామూలుగా జరగదు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. కానీ వెళ్ళింది నేను కాకపోయి ఉంటే? రంగు తేడా కనిపెట్టడం రోజూ పని కాని మనిషి ఆ కోడ్ చూసి నోరు మూసుకుని వచ్చేసేవాళ్ళు, నడవ గోడ చూసుకుని ఏళ్ళ తరబడి బాధపడేవాళ్ళు. మీరు తీసుకునేటప్పుడు మొత్తం ఒకే రోజు, ఒకే బ్యాచ్ బేస్‌లో కలపమని పట్టుబట్టండి. అలా కుదరకపోతే ఒక గోడ పూర్తయ్యాకే కొత్త డబ్బా మొదలుపెట్టించండి, లేదంటే డబ్బాలన్నీ ఒక పెద్ద డ్రమ్ములో పోసి కలిపించండి. కొలత ముందే వేసుకుంటే ఈ గొడవ తగ్గుతుంది. లప్పం పెట్టిన నునుపు గోడకి లీటరు రంగు రెండు కోటింగులకి సుమారు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. కిటికీలు, గుమ్మాలు తీసేసి లెక్కేసుకోండి.

రంగులో మాట్, అంటే మెరుపు లేని రకం, తీసుకున్నాం. వరండా వెలుతురు గోడకి పక్కవాటుగా తగులుతుంది, మెరుపు రంగైతే లప్పంలో ఉన్న ఎత్తుపల్లాలన్నీ లెక్కపెట్టొచ్చు. మాట్‌లో అవి కనిపించవు, మరక మీద మిగిలిన రంగు కాస్త పూసినా తెలియదు. దానికి ఒక లోపం ఉంది. అత్తయ్య గారు ఉయ్యాల బల్ల దిగి గోడకి ఆనుకుని కూర్చుంటారు, తలకి కొబ్బరి నూనె. ఆ చోట గుండ్రంగా మరక పడింది. సబ్బునీళ్ళతో తుడిస్తే నూనె పోయింది గానీ, రుద్దిన చోట గోడ నిగనిగలాడుతోంది. ఆ ఒక్క చోటా రంగు పూయించి, బల్ల వెనక ఆవిడకి దిండు పెట్టాం. చిన్నపిల్లలు గోడల మీద గీసే ఇళ్ళల్లో మాట్ వద్దు, కడిగితే తట్టుకునే రకం తీసుకోండి.

కొట్టు గురించి ఇంకో మాట. కుర్రాడు ప్రతిదానికీ పై రకం అంటగట్టాలని చూస్తాడు. సీలింగ్‌కి కూడా ఖరీదైన రకం చెప్పాడు. నేను వద్దని మామూలు తెలుపు వేయించాను, ఏ తేడా లేదు. డబ్బా మీద ఉన్న ధరకి కొనకండి, అడిగితే తగ్గిస్తారు. బిల్లు అడిగి తీసుకోండి, మూత మీద చీటీ చింపకుండా దాచుకోండి, రేపు మరకలకి రంగు కావాలంటే ఆ కోడే ఆధారం.

పెద్దాయన పొద్దుటి పూట తప్పకుండా ఉంటారు, మధ్యాహ్నం భోజనానికి వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తారో చెప్పలేం. కొట్లో లోపలంతా ట్యూబులైట్లే, కాబట్టి పదకొండు లోపు వెళ్ళండి, మీ సోఫా గుడ్డో, నేల టైలు ముక్కో వెంట తీసుకెళ్ళండి. షేడ్ పుస్తకం బయటికి పట్టుకెళ్ళి చూస్తానంటే ఏమీ అనరు.